తూనీగ మీద ఇద్దరి తూకం

జ్యేష్ఠం, మొదటి సోమవారం. గట్టు డిపో.

ఈ ఉదయం తూకం బల్ల మీద నేనూ వదినా భుజాలు రాసుకుంటూ నిలబడ్డాం. ముల్లు కాసేపు ఊగి నూట ఇరవై ఐదున్నర దగ్గర ఆగింది. ఇద్దరికీ కలిపి నూట ఇరవై ఆరు కిలోలు దాటకూడదు. త్రిమూర్తులు గారు కళ్ళజోడు పైకి నెట్టుకుని ముందు ముల్లు వంక, తర్వాత నా నడుము వంక చూశారు. ఆయన డిపోలో తూకాల అధికారి. మంచి మనిషే. కాకపోతే ఎవర్ని చూసినా కిలోల్లోనే చూస్తారు.

"అరకిలో మిగిలిందమ్మా. చూసుకోండి," అన్నారు.

ఆయన భయం నాకు తెలుసు. మా గాలిపడవ పేరు తూనీగ. అది ఎంత బరువు లేపాలన్నది పైన సంచీలో ఉన్న గ్యాసు చెప్పాలి తప్ప మేం చెప్పలేం. మనిషి ఒక కిలో పెరిగితే సరుకు ఒక కిలో దిగిపోవాలి. సరుకంటే లంకల వాళ్ళకి మందులు, విత్తనాలు, ఉత్తరాలు. పడవ తప్ప వాళ్ళకి మరో దారి లేదు. పోయిన నెల మూడో నంబరు పడవ వాళ్ళు హద్దు దాటితే, ఇద్దరిలో ఒకర్ని దింపేసి తగ్గేదాకా డిపోలో మూటలు మోయించారు. ఎవరు దిగాలన్నది మాత్రం వాళ్ళిష్టానికే వదిలేశారు.

నేను ఇక్కడికి మాఘమాసంలో వచ్చాను. అంతకుముందు ఎనిమిదేళ్ళు పడమటి ఉప్పు ఎడారి డిపోలో పనిచేశాను. అక్కడ తిండంటే గొట్టంలోంచి వచ్చే బూడిదరంగు ముద్ద. పండగ రోజున దాన్నే వేడిచేసి ఇచ్చేవారు. బదిలీ కాగితం పట్టుకుని గట్టు మీద దిగిన రోజు వదిన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, చేతిలో పెట్టె లాక్కుని, నేరుగా వంటింట్లోకి తీసుకుపోయింది. ఆ రోజు తిన్న వంకాయ కూర గురించి రాయడం మొదలుపెడితే ఈ పుస్తకం చాలదు.

వదిన పేరు వీరవేణి. మా అన్నయ్య భార్య. అన్నయ్య దక్షిణాన సముద్రపు గోడ కట్టే పనిలో ఉంటాడు, ఏడాదికి రెండు నెలలు ఇంట్లో కనిపిస్తాడు. పడవ నడిపేది వదిన. పొడగరి, ఎముక పుష్టి ఉన్న మనిషి. గాలి ఎటు తిరగబోతోందో చెంపతో చెప్తుంది. తాళ్ళు, లంగరు, సరుకు నా పని. లంకల్లో ఎవరేం పెడితే అది తినడం కూడా నా పనేనని నేను అనుకుంటున్నాను.

వెళ్ళబోతుంటే త్రిమూర్తులు గారు నాకొక కంచం ఇచ్చారు. బుద్ధికంచం అంటారట. ఎంత తింటున్నామో తూచి, సరిపోగానే తనే చెప్తుందట.

జ్యేష్ఠం, గురువారం. తాటిలంక.

బుద్ధికంచం ఉద్యోగం మూడు రోజుల్లో ఊడింది.

తాటిలంకలో అప్పాయమ్మ గారి తెప్ప దగ్గర ఆగితే పొట్టిక్కలు పెడతారు. పనసాకులు నాలుగు దొన్నెలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. ఆకు విప్పగానే వచ్చే వాసనకి లంగరు వేశానో లేదో కూడా గుర్తుండదు. ఒకప్పుడు ఇక్కడ అంతా నేలేనట. ఇప్పుడు ఆ పనసచెట్లను తెప్పల మీద తొట్లలో పెంచుతున్నారు. చెట్లు పొట్టివైపోయాయి కానీ ఆకుల వాసన మాత్రం పోలేదు.

రెండోది పూర్తవుతుండగా కంచం చాలా మర్యాదగా, "చాలండి," అంది.

అప్పాయమ్మ గారు వంటింట్లోంచి తల బయటపెట్టి, తన ఇంట్లో చాలని ఎవరన్నారని అడిగారు. కంచం అందని చెప్పాను. ఆవిడ దాన్ని తిప్పి చూసి, బాతులకి తవుడు పెట్టడానికి బాగుంటుందని తీసుకెళ్ళి, నాకు అరిటాకు వేశారు. ఆకు ఏమీ అనలేదు. నేను ఐదు తిన్నాను. కొబ్బరి పచ్చడి ఎంత తిన్నానో గుర్తులేదు.

మా దారిలో ప్రతి రేవూ ఇలాంటిదే. సోమవారం బలుసుదిబ్బలో మాణిక్యం పీతల పులుసు. మంగళవారం మూడుస్తంభాల దగ్గర పెసరపుణుకులు. అక్కడ పాత ఫోను టవర్లు మూడు నీళ్ళలోంచి పైకి ఉంటాయి, వాటి మధ్య ఊరు వేలాడుతుంది. బుధవారం లైటుహౌసుపేటలో గోంగూర రొయ్యలు. పడవ దిగినవాళ్ళకి పెట్టకుండా పంపితే ఆ లంకకే నామోషీ అన్నట్టు ఉంటారు వీళ్ళు. వదినకి పెట్టబోతే, "ముందు రత్నానికి పెట్టండి. అది ఎనిమిదేళ్ళు ఎడారిలో ఎండిపోయింది," అంటుంది. నేను తింటుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తుంది.

ఆషాఢం, మొదటి సోమవారం. గట్టు డిపో.

ఆశ్చర్యం. ముల్లు పోయిన నెల దగ్గరే ఉంది.

నేను బల్ల ఎక్కేముందు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఎందుకంటే నిన్న లంగరు లాగుతుంటే నా చొక్కా గుండీ ఒకటి ఎగిరి నీళ్ళలో పడింది. త్రిమూర్తులు గారు బల్లకి నూనె పెట్టించి మళ్ళీ తూచారు. మార్పు లేదు. తాళ్ళు లాగే పనిలో తిన్నదంతా కరిగిపోతోందని నేను చెప్పాను. ఆయన నమ్మలేదు కానీ, కాదనడానికి ఆయన దగ్గర ఆధారం లేదు. బల్ల ఇద్దరి బరువు కలిపే చెప్తుంది.

సంతోషం పట్టలేక బలుసుదిబ్బలో రెండు పీతలు ఎక్కువే తిన్నాను. మాణిక్యం నడివయసు మనిషి, గొంతు పెద్దది, గరిటె అంతకన్నా పెద్దది. వదిన మాత్రం మజ్జిగ తాగి ఊరుకుంది. సోమవారం ఉపవాసం పట్టిందట. శనివారం ఎలాగూ ఉంది. గురువారం ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు తెలియదు. గాలి మీద ఉన్నప్పుడు కడుపు ఖాళీగా ఉంటేనే తనకి హాయిగా ఉంటుందంది. భక్తి వయసుతో వస్తుంది కాబోలు అనుకున్నాను.

తన చొక్కా నడుము దగ్గర పిన్నీసులు పెట్టుకుంది. ఈసారి డిపో వాళ్ళిచ్చిన గుడ్డ సాగిపోతోందట. నాదేమో కుంచించుకుపోతోంది. ఒకే తానులోంచి కుట్టిన గుడ్డ ఒకరికి సాగడమేమిటి, ఒకరికి బిగియడమేమిటి అని ఇద్దరం నవ్వుకున్నాం.

శ్రావణం, మంగళవారం. మూడుస్తంభాలు, ఆసుపత్రి.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున డిపో నుంచి బయల్దేరి బలుసుదిబ్బలో ఆగాం. మూటలు దిగి ఖాళీ అయిన చోట మాణిక్యం, మూడుస్తంభాల సంతలో అమ్మడానికి పీతల బుట్టతో, తన గరిటెతో ఎక్కింది. ఈదురుగాలి తగులుతోంది కానీ భయపడేంత లేదు. నేను వెనక తాడు బిగిస్తున్నాను. మాణిక్యం తన మేనకోడలి పెళ్ళి వంటల గురించి చెప్తోంది. ఉన్నట్టుండి తూనీగ ముక్కు కిందికి వంగింది. వదిన గాలి తప్పించడానికి వంచిందేమో అనుకున్నాను. తర్వాత చుక్కాని తనంతట తానే తిరగడం కనిపించింది. వదిన దాని పక్కన నేల మీద ఉంది.

బుట్ట దొర్లి పీతలన్నీ పడవంతా పరుచుకున్నాయి. నేను వాటి మీదుగా పరుగెత్తి చుక్కాని పట్టుకున్నాను. పడవ నడపడం నాకు కాగితం మీద వచ్చు. నీళ్ళు దగ్గరికి వస్తున్నాయి. మాణిక్యం అరవలేదు, ఏడవలేదు. వదిన తల ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళ దగ్గరికి వచ్చే పీతల్ని గరిటెతో పక్కకి నెడుతూ, "కంగారు పడకమ్మా, నీ పని నువ్వు చూడు. ఈవిణ్ణి నేను చూస్తాను," అంది. ఆ గొంతు వినబట్టే నాకు బుర్ర పనిచేసింది. సరుకులోంచి నీళ్ళ పీపాలు రెండు తోసేశాను. ముక్కు లేచింది. ఎలాగో ఈడ్చుకుంటూ వచ్చి మూడుస్తంభాల రేవులో దించాను. దించాననడం కంటే పడేశాననడం సరైనది. పడవ కింది బల్ల ఒకటి విరిగింది. నా బొటనవేలిని ఒక పీత కొరికింది. ఆ సంగతి దిగిన గంటకి గానీ తెలియలేదు.

డాక్టరు కరుణ గారు వదినకి సెలైను పెట్టారు. గుండె బాగానే ఉందన్నారు. జబ్బేమీ లేదన్నారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, ఈవిడ తిని ఎన్నాళ్ళయిందని అడిగారు.

నేను రోజూ తన పక్కనే కూర్చుని తింటున్నాను. అయినా చెప్పలేకపోయాను.

శ్రావణం, బుధవారం. మూడుస్తంభాలు.

ఈ రోజు మమ్మల్ని విడివిడిగా తూచారు. ఆసుపత్రి బల్ల మీద ఒక్కరే పడతారు.

మాఘంలో జట్టు కట్టేముందు ఒక్కొక్కరినీ తూచినప్పుడు నేను అరవై, వదిన అరవై నాలుగు. ఇప్పుడు నేను డెబ్బై నాలుగు. వదిన యాభై ఒకటి. మొత్తం దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. మారింది వాటాలే. ఆర్నెల్లుగా నేను తిన్న ప్రతి పీతకీ, ప్రతి పుణుక్కీ చోటు తన ఒంట్లోంచి తీసి ఇచ్చింది.

కోపంతో మంచం పక్కన కూర్చున్నాను. కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. ఎందుకిలా చేశావని అడిగాను.

"మొదట్లో ఒకటి రెండు కిలోలే కదా అనుకున్నాను," అంది. "నువ్వు వచ్చిన రోజు వంకాయకూర తింటూ కళ్ళమ్మట నీళ్ళెట్టుకున్నావు. అది చూశాక నీ కంచంలోంచి తియ్యమని ఎలా చెప్పనే? నేను మానేయడం తేలిక."

"తేలికేంటి వదినా. నిన్న నలుగురం పోయేవాళ్ళం."

"నలుగురెవరే?"

ముగ్గురమే. పీతల్ని కూడా లెక్కేశానేమో తెలియదు. తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది, కానీ సగంలో అది ఏడుపైపోయింది. తను సెలైను లేని చేత్తో నా తల నిమిరింది. అదే నాకు మరీ కష్టంగా అనిపించింది. పడుకున్నది తను, ఓదారుస్తున్నదీ తనే.

శ్రావణం, ఆదివారం. గట్టు డిపో.

తూనీగకి బల్ల మార్చడానికి పది రోజులు పడుతుందట. వదినకీ అంతే సెలవు ఇచ్చారు.

నేను గురువారం నుంచి తిండి మానేశాను. తను చేసిన పని నేను చెయ్యలేనా అన్న పంతం. మొదటిరోజు గొప్పగా అనిపించింది. రెండో రోజు డిపో పిల్లి పాలు తాగుతుంటే దాని మీద అసూయ పడ్డాను. మూడో రోజు త్రిమూర్తులు గారు కుశలం అడిగితే కసురుకున్నాను. ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి, దీపం కూడా వెయ్యకుండా, డబ్బాలో ఉన్న జంతికలన్నీ తినేశాను. చివరికి డబ్బా వంక చూస్తే వాటి రుచి గుర్తురాలేదు. కారం వేశారో వాము వేశారో చెప్పలేను. అంత తిన్నాను, ఏమీ తిన్నట్టు లేదు.

వదిన గుమ్మం దగ్గర నిలబడి చూసింది. తనకోసం కాచిన జావ గిన్నె చేతిలో అలాగే ఉంది. నేను తినకపోతే తనకీ గొంతు దిగడం లేదంది. అంటే నా పంతం వల్ల తను మళ్ళీ మూడు రోజులు సగం కడుపుతోనే ఉంది.

ఈ రోజు కరుణ గారు చూడ్డానికి వచ్చి మా ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టారు. మానేయడం ఒక జబ్బు, మింగేయడం ఇంకో జబ్బు, మీ ఇంట్లో రెండూ వంతులవారీగా తిరుగుతున్నాయన్నారు. ఆవిడ చెప్పింది చిన్నదే. ఇద్దరూ కూర్చుని తినాలి. ఒకే సమయానికి, ఎదురెదురుగా. నేను తాళ్ళ మధ్య నిలబడి తినకూడదు. ఆకలి తీరగానే ఆపాలి, కడుపు నిండేదాకా ఆగకూడదు. వదిన ఆకలి వేసినా వెయ్యకపోయినా నాలుగుసార్లు తినాలి. ఇష్టమైనవి మానాల్సిన పని లేదు.

ఇష్టమైనవి మానక్కర్లేదా అని నేను రెండుసార్లు అడిగాను.

భాద్రపదం, గురువారం. తాటిలంక.

పడవ మళ్ళీ గాల్లోకి లేచింది. అసలు చిక్కు ఇప్పుడు మొదలైంది. మేం తినడం నేర్చుకున్నా, పెట్టేవాళ్ళకి పెట్టడం ఆపడం ఎవరు నేర్పుతారు?

సోమవారం మాణిక్యం పీతల పులుసుతో పాటు అన్నం కుంభం పోసింది. ఒక పీత చాలన్నాను. ఆవిడ గరిటె గాల్లోనే ఆగిపోయింది. తన వంటకి ఏమైందని అడిగింది. ఏమీ కాలేదని చెప్పేకొద్దీ ఏదో అయిందనే అనుమానం బలపడింది. పడవలో వదిన పడిపోయిన రోజు తన ఒళ్ళోనే కదా తల ఉంది, అందుకని అసలు సంగతి మొత్తం చెప్పేశాను.

"అయితే ఇన్నాళ్ళూ నీ కంచంలో నేనేసిందంతా ఈవిడ కంచంలోంచి తీసిందేనా?" అంది.

అవునన్నాను. మాణిక్యం గిన్నె కింద పెట్టి, చిన్న గరిటె వెతికి తెచ్చింది. నాకు ఒక పీత, రెండు గరిటెల అన్నం పెట్టింది. వదినకి మాత్రం ఎదురుగా కూర్చుని, మాటల్లో పెట్టి తినిపించింది. మా కథ మాకంటే ముందే మిగతా రేవులకి చేరిపోయింది. లైటుహౌసుపేట వాళ్ళు తమ దగ్గర అన్నిట్లో మంచిదేదో అదొక్కటే పెడతామని తీర్మానించుకున్నారు. కానీ ఏది మంచిదో తేలక రెండు వీధులు మాట్లాడుకోవడం మానేశాయి.

ఇక ఈ రోజు. అప్పాయమ్మ గారు నాకు రెండు పొట్టిక్కలు పెట్టారు. పడవ కట్టేసి, చేతులు కడుక్కుని, తెప్ప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఆకు నెమ్మదిగా విప్పాను. పనసాకు ఈనె గుర్తు పిండి మీద అచ్చు పడి ఉంది. ఇన్ని నెలలుగా తింటున్నాను, ఆ గుర్తు ఎప్పుడూ చూడలేదు. అంచు కాస్త గట్టిగా ఉంది, మధ్యలో మెత్తగా ఉంది. చివర్లో ఆకు వగరు కొంచెం నాలుక మీద నిలిచింది. రెండోది సగం తిన్నాక ఆకలి పోయింది. ఆ సగం ఏం చెయ్యాలో తెలియక కాసేపు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అలాంటి పరిస్థితి నా జీవితంలో అదే మొదటిసారి.

అన్నీ ఇలాగే జరుగుతున్నాయనుకోకూడదు. నిన్న తాటిరొట్టె దగ్గర నాలుగు ముక్కలయ్యాక నా చెయ్యి నా మాట వినలేదు. ఇది తాటిపళ్ళ రుతువు. ఏం చేస్తాను.

భాద్రపదం, చివరి సోమవారం. గట్టు డిపో.

విరిగిన పడవ వల్ల వాయిదా పడిన తూకం ఈ రోజు జరిగింది. నూట ఇరవై ఎనిమిది.

నేను మూడు కిలోలు తగ్గి డెబ్బై ఒకటికి వచ్చాను. గర్వంగానే ఉంది. కానీ వదిన ఆరు పెరిగింది. బుగ్గలు మళ్ళీ కనిపిస్తున్నాయి. పిన్నీసులు తీసేసింది. ముల్లుకి ఇవేమీ తెలియవు, దానికి హద్దు దాటిందనే తెలుసు.

త్రిమూర్తులు గారి ముఖం పాలిపోయింది. ఆయనకి మా సంగతంతా తెలుసు. బల్ల సరిగా పనిచేయడం లేదేమో, రేపు ఇంకోసారి చూద్దామని గొణిగారు. అది ఆయన జీవితంలో మొదటి అబద్ధం అయి ఉంటుంది. చెప్పడం కూడా సరిగా రాలేదు. వదిన ఆయన మాట అందుకుంది.

"రేపటికి అవసరం లేదండి. సాయంత్రం దాకా టైమివ్వండి. రెండు కిలోలు ఎంత, నేను నీళ్ళు కూడా ముట్టను..."

"వద్దు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను దిగిపోతాను. రాసుకోండి త్రిమూర్తులు గారూ."

వదిన నా మోచెయ్యి పట్టుకుంది. తను దిగుతానంది. తను నడపకపోతే తూనీగ ఎగరదని తనకీ తెలుసు. నేను బల్ల దిగాను. దిగగానే ముల్లు గబుక్కున యాభై ఏడుకి వచ్చి నిలబడింది. ఆ అంకెను చూస్తే చాలా సంతోషం వేసింది. అందులో నా వాటా ఏమీ లేదు, మొత్తం తనదే.

నా బదులు వదినతో సన్నాసిరాజు వెళ్తాడు. వెదురుబొంగులాంటి మనిషి. ఎంత తిన్నా ఒంటికి పట్టదట. ఇలాంటి వాళ్ళని దేవుడు ఎందుకు పుట్టిస్తాడో.

ఆశ్వయుజం, బుధవారం. గట్టు డిపో.

మూటలు మోస్తున్నాను. పొద్దున్నే పడవలన్నీ ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. తూనీగ లేచేటప్పుడు తాడు విప్పి ఇచ్చేది నేనే. కాసేపు పైకి చూస్తూ ఉంటాను. తర్వాత డిపో హోటల్లో రెండు ఇడ్లీలు, అల్లప్పచ్చడి. మొదట్లో ఆ ఇడ్లీ అంటే చిన్నచూపు ఉండేది. పచ్చట్లో బెల్లం కొంచెం ఎక్కువ వెయ్యమని వంటాయనకి చెప్పాను. ఇప్పుడు దానికోసమే త్వరగా లేస్తున్నాను.

బాగా బాధ కలిగిన రోజులు ఉన్నాయి. మంగళవారం పుణుకుల రోజు అని గుర్తొచ్చి మధ్యాహ్నమంతా మూటల మీద విసుక్కున్నాను. పుణుకులు ఒక్కటే కాదు. పైనుంచి కనిపించే నీళ్ళు, తాళ్ళ చప్పుడు, వదిన పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా ఉండే సమయం, ఇవన్నీ తినేవాటితో కలిసిపోయి ఉన్నాయి. గిన్నెలో ఉన్నది ఎంతో, దాని చుట్టూ ఉన్నది ఎంతో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది.

వదిన సాయంత్రం వచ్చాక ఎదురెదురుగా కూర్చుని తింటాం. ఏ రేవులో ఏం పెట్టారో చెప్తుంది. ఇంతకుముందు తిండి గురించి చెప్పేది నేను, వినేది తను. తను చెప్పడం మొదట్లో బాగా రాలేదు. "పులుసు బాగుంది," అని ఊరుకునేది. ఎలా బాగుందో చెప్పమని వేధించేదాన్ని. ఇప్పుడు చెప్తోంది.

"ఇవాళ రొయ్యలు మెత్తబడలేదు రత్నం. పంటి కింద కరుక్కుమని, తరవాత తియ్యగా దిగాయి," అంది ఈ సాయంత్రం. గోడ వంక చూస్తూ, "ఇంకొంచెం వెయ్యమని అడిగాను," అంది.

అడగడం తనకి ఎంత కష్టమో నాకు తెలుసు. తను మా ఇంటికి కోడలిగా వచ్చి పాతికేళ్ళు. వడ్డించిన గిన్నెలో మిగిలిందే తన వాటా. ఇంకొంచెం వెయ్యమని తన నోటి నుంచి వినడం నాకిదే మొదటిసారి. సన్నాసిరాజు ఏమన్నాడని అడిగాను. వాడు తన రొయ్యల గిన్నె దాచుకున్నాడట.

కార్తీకం, మొదటి సోమవారం. బలుసుదిబ్బ.

పొద్దున బల్ల ఎక్కాం. నేను అరవై ఐదు, వదిన అరవై. నూట ఇరవై ఐదు. త్రిమూర్తులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చూశారు. ఆయన్ని అడిగి ఇప్పుడు మమ్మల్ని కలిపీ, విడివిడిగానూ తూయించుకుంటున్నాం. ఒకరి అంకె వెనక ఇంకొకరు దాక్కునే వీలు లేకుండా. సన్నాసిరాజు మూడో నంబరు పడవకి మారాడు. వెళ్ళేటప్పుడు బలుసుదిబ్బ గురించి చాలా బెంగపడ్డాడు.

నెలన్నర తర్వాత పైనుంచి నీళ్ళు చూశాను. తూర్పుగాలి మొదలైంది. తూర్పుగాలి వస్తే ఏటిలోకి చీరమీను వస్తుంది. గోరంత కూడా ఉండవు ఆ చేపలు. నీళ్ళలో చీరలు వేసి పడతారు. ఏడాదిలో కొద్ది రోజులే దొరుకుతాయి. ఉప్పు ఎడారిలో ఎనిమిదేళ్ళు వీటిని తలచుకుంటూనే ముద్ద మింగేదాన్ని.

మాణిక్యం చింతచిగురు వేసి దించింది. చిన్న గరిటెతోనే వడ్డించింది. ఇద్దరం తెప్ప అంచున కూర్చున్నాం. నేను నెమ్మదిగా తిన్నాను. ఎంత నెమ్మదిగా అంటే మాణిక్యం కూర చెడిందేమోనని మళ్ళీ రుచి చూసుకుంది. నా కంచం ఖాళీ అయ్యేసరికి ఆకలి తీరింది. అయినా ఒక్క ముద్దకి చోటుంది. కచ్చితంగా ఒక్క ముద్దకే. అది కక్కుర్తి కాదు, నేనిప్పుడు ఆ రెండింటికీ తేడా చెప్పగలను.

గిన్నెలో సరిగ్గా ఒక్క గరిటె మిగిలి ఉంది. నేను చెయ్యి చాపాను. అదే క్షణంలో వదిన కూడా చాపింది.

నేను తన వంక చూశాను. ఇలాంటప్పుడు తను ఎప్పుడూ చేసేదే చేస్తుందని, చెయ్యి వెనక్కి తీసుకుంటుందని అనుకున్నాను. తీసుకోలేదు.

"నాకింకా ఆకలేస్తోంది," అంది.

"నేను ఎనిమిదేళ్ళు తినలేదు వదినా."

"నేను ఆర్నెల్లు ఏదీ తినలేదు."

సగం సగం చేద్దామన్నాను. వదిన కొంచెం ఆలోచించింది. తర్వాత గిన్నె తన వైపు లాక్కుని, మొత్తం కంచంలో వేసుకుని, నా వంక ఒక్కసారి కూడా చూడకుండా తినేసింది. గిన్నె అంచు కూడా వేలితో తుడుచుకుంది. మాణిక్యం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు నిజంగా కోపం వచ్చింది. తాడు కావాల్సినదానికంటే గట్టిగా లాగి విప్పి పడవెక్కాను. వదిన చుక్కాని దగ్గర నిలబడి, ముక్కు లేపి, గాలికి చెంప ఆనించి, మధ్యలో ఒకసారి తేనుపు తీసింది. అంత తృప్తిగా తను తేన్చడం ఎప్పుడూ వినలేదు. నేను వెనక తాడు బిగిస్తూ, అటు తిరిగి నవ్వాను.